వెర్న్ టాకెట్ పూర్తిగా ఆడిన ఏడాది

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి అందించే సెంటర్‌గా ఆడినవాడికి, దాన్ని అందుకుని విసిరే క్వార్టర్‌బ్యాక్ మొహం కంటే చేతులు బాగా తెలుస్తాయి. నేను బంతి మీద వంగి నేలకేసి చూస్తూ ఉండేవాణ్ణి. వెర్న్ టాకెట్ నా వెనకే నిలబడి నా కాళ్ల సందున రెండు చేతులూ పెట్టేవాడు. ఆట మొదలుపెట్టే లెక్క అరిచేవాడు. ఆ లెక్క మీద నేను బంతిని వెనక్కి లేపి ఆ చేతుల్లో కొట్టేవాణ్ణి. వెంటనే నా మీద ఎవడో ఒకడు పడేవాడు. బంతి ఎటు పోయిందో, ఎవడు పట్టాడో జనం కేకలు వింటేనే నాకు తెలిసేది.

మాది గల్ఫ్-అట్లాంటిక్ లీగ్. పెద్ద లీగ్ పొమ్మన్నవాళ్లూ, పెద్ద లీగ్ మొహమే చూడనివాళ్లూ కలిసి ఆడిన లీగ్. ఒక ఏడాది నిండా బతికింది, రెండో ఏడాది ముప్పాతిక బతికింది. మా జట్టు బిలోక్సీ పెలికన్స్. నేను ఊళ్లోవాణ్ణే. మావాళ్లకి రొయ్యల బోటు ఉంది. శనివారాలు రొయ్యల ఫ్యాక్టరీ జట్టుకి ఆడుతుంటే కోచ్ బ్రాషర్ చూసి రమ్మన్నాడు. వెళ్లాను.

వెర్న్ మొదటి ఏడాది మధ్యలో వచ్చాడు, మా క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోయిన వారం. కెంటకీ బొగ్గు కొండల మనిషి. ముప్పై దాటి మూడేళ్లయింది, నుదుటి మీద జుట్టు పల్చబడింది. కుర్రాళ్లు మొదటిరోజే 'తాతా' అన్నారు. పలికాడు. అప్పటికి తొమ్మిది జట్లు తిరిగాడు. అన్నిచోట్లా రెండోవాడే. మైదానం గట్టున రాసుకునే అట్ట పట్టుకుని నిలబడి, మొదటివాడు విసిరిన ప్రతి బంతికీ గీత గీయడం అతని పని. మొదటివాడికి దెబ్బ తగిలితే దిగేవాడు. దెబ్బ మానగానే మళ్లీ అట్ట.

కారణం పెద్దదేం కాదు. అతనిది ఎడమ చెయ్యి. ఎడమచేతివాడు విసిరిన బంతి గాల్లో ఎదురు తిరుగుతుంది, అలవాటు లేనివాడి వేళ్లలోంచి జారుతుంది. అతని వెన్ను కాసేవాడు కూడా ఎడమ పక్కన కాకుండా కుడి పక్కన ఉండాలి. జట్టంతా అద్దంలో చూసుకున్నట్టు మారాలి. రెండోవాడి కోసం ఏ జట్టు అంత కష్టపడుతుంది? మేం పడ్డాం. మాకు వేరే దిక్కు లేదు.

"నీ పేరేంటి?" అన్నాడు మొదటిరోజు.

"నికో."

"నికో, బంతి మీద కుట్లు ఎటు పెట్టి ఇస్తావు?"

చూపించాను.

"ఇటు తిప్పాలి. నేను తిరగేసిన మనిషిని. నాకోసం కొంచెం నేర్చుకుంటావా?"

అలా అడిగిన క్వార్టర్‌బ్యాక్‌ని నేనెప్పుడూ చూడలేదు. నేర్చుకుంటానన్నాను. కుడి పక్క ఆడే క్లియోఫస్ అక్కడే ఉన్నాడు. తలుపంత మనిషి, నోరు దానికి రెండింతలు.

"ఆగు తాతా. అంటే ఇన్నాళ్లూ లెఫ్ట్‌వాడు పడిన చావు ఇకనుంచి నేను పడాలా?"

"అంతే. నా వెన్ను నీకప్పగించాను. నేనసలు వెనక్కి చూడను."

"మా ఆవిడకి కూడా నా మీద ఇంత నమ్మకం లేదు," అన్నాడు క్లియో.

క్వార్టర్‌బ్యాక్ ముందు వరసలో తనను కాచే ఐదుగురికీ గురువారం భోజనం పెట్టాలి. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ప్రతి జట్టులోనూ ఉంది. పేరున్నవాళ్లు హోటల్‌కి తీసుకెళ్లి పళ్లెం నిండేంత మాంసం ముక్క తెప్పిస్తారు. వెర్న్ తన గదిలో తనే వండేవాడు. లాడ్నర్ గారని ఒకావిడ ఇంట్లో మేడమీది గది. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, నేను బోటు నుంచి తెచ్చిన చేప. ఐదుగురం మంచం మీదా నేల మీదా కూర్చుంటే గదిలో గాలి ఆడేది కాదు. లాడ్నర్ గారు కిందినుంచి చీపురు కర్రతో కప్పు పొడిచేది.

"ఏనుగుల్ని మేపుతున్నావా పైన?" అని అరిచేది.

"ఐదే అమ్మా! చిన్నవే!" అని వెర్న్ అరిచేవాడు.

రెండో ఏడాది మొదలయ్యే ముందు వారం, ఆ గదిలోనే క్లియో అడిగాడు.

"ఇన్ని ఊళ్లు తిరిగావు కదా తాతా, ఇంకా ఏం కావాలని తిరుగుతున్నావ్?"

వెర్న్ పెనంలో చేప తిప్పాడు.

"ఒక్క సీజన్," అన్నాడు. "మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా, ప్రతి ఆటా నేనే మొదలుపెట్టాలి. ఇంకోడి మోకాలు పోయిందని కాకుండా. నా పేరు పిలిస్తే దిగాలి. ఒక్కసారి అలా జరిగితే చాలు."

"గెలవక్కర్లేదా?"

"గెలిస్తే కాదంటానా? గెలిచిన జట్లలో ఉన్నాను రా. అట్ట పట్టుకుని గెలిచాను. గెలిచిన జట్టుకిచ్చే ఆ ఉంగరం తీసి ఎవరికైనా చూపించాలంటే సిగ్గేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి అది మా ఐదుగురి పని కూడా అయింది. బయటికి అనుకోలేదు, అంతే.

కష్టం ఎక్కడొచ్చిందంటే, ఆ వేసవిలోనే జట్టు యజమాని ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని, కిప్ డాన్‌ఫర్త్ అనే కుర్రాణ్ణి తెచ్చాడు. కాలేజీలో పేరు మోసినవాడు. ఊరి పెద్ద రోడ్డు మీద బోర్డు కట్టించి వాడి బొమ్మ వేయించారు. కుర్రాడు మంచివాడే. వెర్న్‌ని 'సర్' అనేవాడు. కానీ బొమ్మ వేయించాక ఆడించాలి కదా. వెర్న్ ఒక్క ఆట చెడగొడితే చాలు, కిప్ దిగుతాడని అందరికీ తెలుసు. ప్రతి ఆదివారం వెర్న్ దిగాడు. కొన్ని గెలిచాం, కొన్ని ఓడాం. ప్రతి ఆట అయ్యాక క్లియో అతని భుజం మీద ఒకటి చరిచి, "ఇంకోటి అయిపోయింది తాతా," అనేవాడు.

ఎండలు తగ్గి రొయ్యలు బాగా పడే రోజుల్లో మెంఫిస్‌లో ఆడాం. గెలిచాం కూడా. వచ్చాక సాధనలో వంగి బంతి అందిస్తుంటే నాకు తేడా తెలిసింది. ఎడమచేతివాడికి ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉంటుంది. పై చెయ్యి ఎప్పటిలా గట్టిగా ఆనింది. కింది చెయ్యి ఆనలేదు. ఉండీ లేనట్టు ఉంది.

గురువారం చూశాను. పెనం ఎడమ చేత్తో ఎత్తాడు, రొట్టె ఎడమ చేత్తో కోశాడు, తలుపు కూడా దాంతోనే తీశాడు. కుడి చెయ్యి జేబులోనే ఉంది. మిగతావాళ్లు మెట్లు దిగాక నేను ఆగాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"బొటనవేలు."

అతను నాకేసి చూసి తల ఊపాడు. "నీ పిర్రలకి కళ్లున్నాయేంట్రా?"

జేబులోంచి తీసి చూపించాడు. వంకాయలా ఉంది. మెంఫిస్‌లో ఎవడి హెల్మెట్‌కో తగిలిందట.

"విసరడానికి ఎడమది బాగానే ఉంది," అన్నాడు. "బంతి అందుకోడమే. కోచ్‌కి తెలిస్తే కట్టు కట్టించి కూర్చోబెడతాడు. ఇంకా నాలుగైదు ఆటలే నికో."

"నేను పైకి ఇస్తాను," అన్నాను. "ఎడమ అరచేతిలోకి. కింది చెయ్యి ఊరికే పెట్టు."

"చెయ్యగలవా?"

"చూద్దాం."

శుక్రవారం, శనివారం బీచిలో ఇసుక మీద ప్రయత్నించాం. పొద్దున్నే బోట్లు వెళ్లాక అక్కడ ఎవరూ ఉండరు. బంతిని కొంచెం పైకి, కొంచెం మెత్తగా ఇవ్వాలి. వచ్చింది. ఒక్కటి కూడా జారలేదు. వెర్న్ నా వీపు మీద చరిచి, "నీకు చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తా," అన్నాడు. అతను చర్చికి వెళ్లే రకం కాదు.

ఇసుక మీద నాకు ఎదురుగా ఎవరూ లేరు. ఆదివారం ఉన్నారు. జాక్సన్‌విల్ జట్టులో నా ఎదుట నిలబడ్డవాడు లెక్క పూర్తయ్యేలోపే నా తలని మెడలోకి దించేసేవాడు. అలాంటివాడు మీద పడుతుంటే మెత్తగా ఇవ్వడం కుదరదు. మొదటి పావు ఆటలోనే బంతి జారి నేల మీద పడింది. వాళ్లు పట్టుకుపోయారు.

బంతి అలా జారితే తప్పెవరిదో పైనుంచి చూసేవాళ్లకి తెలీదు. మాలో ఒక పద్ధతి ఉంది. సెంటర్ చెయ్యెత్తుతాడు. ఎవరి తప్పయినా సరే, 'నాది' అంటాడు. క్వార్టర్‌బ్యాక్ తల నిమ్మళంగా ఉండాలని. నేను చెయ్యెత్తాను. రెండోసారి జారింది. మళ్లీ ఎత్తాను. చివర్లో ఇంకోటి జారినప్పుడు మా సొంత జనమే నన్ను గేలి చేశారు. మా ఫ్యాక్టరీవాళ్లు కూడా ఉన్నారు అందులో. "నికో, వెళ్లి రొయ్యలు ఒలుచుకో!" అన్న గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఓడిపోయాం.

సోమవారం కోచ్ ఆట ఫిల్ము వేస్తాడు. చీకటి గదిలో అందరం కుర్చీల్లో కూర్చుంటాం. తప్పు జరిగిన చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వేస్తాడు. ఆ రోజు నేను చెయ్యెత్తడం మూడుసార్లు చూపించాడు.

"చెయ్యి భలే ఎత్తుతున్నావు నికో," అన్నాడు. "బంతి ఇవ్వడం ఎప్పుడు నేర్చుకుంటావు?"

కోచ్ నా వైపు తిరిగాడు.

"ష్రీవ్‌పోర్ట్ నుంచి ఒకతన్ని రమ్మన్నాను. రేపొస్తాడు. నువ్వు జట్టు గదిలో నీ అర ఖాళీ చేసుకో. నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇలాగైతే నాకు కుదరదు."

బోటు ఉంది. బోటు చెడ్డదేం కాదు, మా నాన్న బతికింది దాని మీదే. కానీ ఆ జట్టులో నన్ను రమ్మని పిలిచారు. జీవితంలో నన్నెవరైనా ఒక పనికి ఏరి పిలిచింది అదొక్కసారే. లేచి నిలబడ్డాను, వెళ్లిపోదామని.

"కోచ్, లైటు వెయ్యండి," అన్నారెవరో వెనకనుంచి. వెర్న్.

"ఫిల్ము అవలేదు."

"వెయ్యండి ఒకసారి."

లైటు వెలిగింది. వెర్న్ కుర్చీల మధ్య నుంచి ముందుకొచ్చాడు. వేలికి చుట్టిన తెల్ల టేపు పళ్లతో లాగుతున్నాడు. ఊడదీసి చెయ్యి కోచ్ మొహం ముందు పెట్టాడు. అప్పటికి వేలు నల్లబడింది.

"ఇది మెంఫిస్‌లో తగిలింది," అన్నాడు. "నికో బంతి ఎక్కడ ఇవ్వాలో అక్కడే ఇచ్చాడు. పట్టుకోలేకపోయింది నేను. మూడుసార్లూ."

నా పక్కనున్న క్లియో "అయ్యో తాతా," అన్నాడు, గొంతులోనే.

కోచ్ ఆ వేలికేసి చాలాసేపు చూశాడు. "నీకు మతి ఉందా?"

"పెద్దగా లేదండి."

"ఈ ఆదివారం కిప్ దిగుతాడు. నువ్వు డాక్టర్ దగ్గరికి పో." తర్వాత నాకేసి తిరిగాడు. "నువ్వు కూర్చో. ష్రీవ్‌పోర్ట్‌వాణ్ణి రావద్దని చెప్తాను."

కూర్చున్నాను. లైటు ఆరింది. తర్వాత ఫిల్ములో ఏం చూపించాడో నాకు గుర్తులేదు.

బయట కారు పార్కింగ్‌లో వెర్న్‌ని పట్టుకున్నాను.

"ఎందుకు చెప్పావ్?"

"నువ్వు చెయ్యెత్తడం చూసీ చూసీ విసుగొచ్చింది."

"అది పద్ధతి."

"నాకు తెలీదా పద్ధతి? ఇన్నేళ్లు ఎంతమంది సెంటర్లు నాకోసం ఎత్తారో! వాళ్లకి ఆ సాయంత్రం ఒక తిట్టు తగిలేది, అంతే. చెయ్యెత్తినందుకు ఎవడి అన్నమూ పోలేదు." కారు తలుపు ఎడమ చేత్తో తీశాడు. "డాక్టర్ దగ్గరికి నువ్వే నడుపు. నాకు గేరు మార్చాలంటే ప్రాణం పోతోంది."

నడిపాను. ఒక సీజన్ కావాలన్నాడు, దాన్ని అందరి ముందూ నా కోసం ఇచ్చేశాడు. దానికి ఏ మాట సరిపోతుందో నాకు తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు.

గురువారం అతని మోచేతి దాకా సున్నపు కట్టు ఉంది. భోజనం మానేద్దాం అన్నాం. వినలేదు. ఒంటిచేత్తో వండుతుంటే క్లియో పక్కన నిలబడి ఉల్లిపాయలు కోస్తూ ఏడుస్తున్నాడు.

"ఉల్లిపాయలకేనా?" అన్నాడు వెర్న్.

"మరి నీకోసం అనుకున్నావా? ఇకనుంచి కిప్‌గాడి వెన్ను కాయాలి. వాడు కుడిచేతివాడు. మళ్లీ మొదట్నుంచి తిరగాలి మేం."

అప్పుడు లాడ్నర్ గారు మెట్లెక్కి వచ్చింది. ఆవిడ పైకి రావడం మేమెప్పుడూ చూడలేదు. గుమ్మం పట్టుకుని ఆయాసపడింది.

"మీ ఆఫీసు నుంచి ఫోను," అంది. "ఆదివారం రావద్దన్నారు."

"ఎవర్ని అమ్మా? నన్నా?" అన్నాడు వెర్న్.

"అందర్నీ. వచ్చే ఆదివారం కూడా రావద్దన్నారు. అసలు ఏ ఆదివారమూ రావద్దన్నారు. లీగ్ మూసేశారట, నాయనా. పొద్దున న్యూయార్క్‌లో కూర్చుని మూసేశారట." కొంచెం ఆగి, "రేడియోలో కూడా చెప్పారు," అంది, మేం నమ్మమనుకుందో ఏమో.

పెనంలో చేప చిటపటమంటోంది. లీగ్ మునిగిపోతోందన్న పుకారు చాలా రోజుల నుంచే వింటున్నాం. అయినా విన్న రోజు వేరుగా ఉంటుంది. ఐదుగురికీ పని పోయింది. వెర్న్‌తో ఆరుగురు.

ముందు తల ఎత్తింది క్లియో. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"తాతా."

"ఊఁ."

"అయితే కిప్ ఒక్క ఆటా మొదలుపెట్టలేదు."

"లేదు. ఏం?"

"ఈ ఏడు మనం ఎన్ని ఆటలాడామో అన్నీ నువ్వే మొదలుపెట్టావు."

వెర్న్ చేప తిప్పడం ఆపేశాడు. "ఆదివారం ఉంటే నేను గట్టున ఉండేవాణ్ణి."

"ఆదివారం ఎక్కడుంది?"

"అది లెక్కలోకి రాదురా."

"రాదని ఎవడంటాడు? అనడానికి లీగ్ ఉందా?" క్లియో లాడ్నర్ గారి వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. సీజన్ అయిపోయిందా లేదా?"

"అయిపోయిందనే కదా ఫోను చేసింది," అంది ఆవిడ.

వెర్న్ నవ్వడం మొదలుపెట్టాడు. మంచం అంచున కూలబడి, కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని నవ్వాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. మేమూ నవ్వాం. చేప మాడింది. మాడిన చేపే లాడ్నర్ గారితో కలిసి తిన్నాం. ఉప్పు తక్కువైందని ఆవిడ అంది.

ఆ సోమవారం తర్వాత జట్టులో నా అర నాకు మిగిలింది నాలుగు రోజులు కూడా కాదు. అంతమాత్రానికి అతనలా చెయ్యాలా అని తర్వాత కొందరన్నారు. సోమవారం నాడు ఎవరికి తెలుసు? తెలిసుంటే ఆ మాత్రం ఎవరైనా ఇచ్చేవాళ్లే. తెలీకుండా ఇచ్చాడు.

మిగతావాళ్లు చెల్లాచెదురయ్యారు. క్లియో టెక్సస్ వెళ్లాడు. వెర్న్‌కి కట్టు విప్పేదాకా వెళ్లడానికి చోటు లేదు. మా ఇవో బాబాయి బోటు మీదికి తీసుకెళ్లాను.

"వీడెందుకు? ఒక్క చెయ్యేగా ఉంది," అన్నాడు బాబాయి.

"చుక్కాని పడతాడు."

"బొగ్గు కొండల్లో పుట్టినవాడా?"

మొదటి వారం వెర్న్ కక్కుతూనే ఉన్నాడు. "సముద్రానికి బాగానే మేత వేస్తున్నాడు," అనేవాడు బాబాయి. తర్వాత తర్వాత వెర్న్ లేకపోతే కాఫీ తాగేవాడు కాదు. కట్టు విప్పాక వెర్న్ వలలు లాగాడు. చలికాలమంతా మాతోనే ఉన్నాడు.

చలి తగ్గేటప్పుడు ఒకరోజు రేవులో రొయ్యలు దించుతుంటే ఫ్యాక్టరీ ఆఫీసు కిటికీలోంచి గుమస్తా పిలిచాడు, వెర్న్‌కి కెనడా జట్టొకటి ఫోను చేసిందని. అతను రబ్బరు బూట్లతోనే లోపలికెళ్లాడు. నేను కిటికీ పక్కన బుట్టలు కడుగుతున్నాను.

"అవునండీ, టాకెట్‌ని," అన్నాడు. "వేలు బాగుంది. ముప్పై అయిదు నిండలేదు."

అవతలివాళ్లేదో అడిగారు. వెర్న్ కిటికీలోంచి నాకేసి చూశాడు.

"అన్నీ," అన్నాడు. "మొదటిదాన్నుంచి చివరిదాకా. ప్రతిదీ నేనే."

మళ్లీ ఏదో విన్నాడు. సరేనన్నాడు. ఎప్పుడు రావాలో అడిగాడు. ఇక పెట్టేస్తాడనుకున్నాను.

"ఒక్కమాట," అన్నాడు. "మీకు సెంటర్ కావాలా? మంచివాడున్నాడు. ఎడమచేతివాడికి బంతి ఇవ్వడం వచ్చు."

ఫోను పెట్టి బయటికొచ్చాడు. బుట్టకి రెండో చెవి పట్టుకున్నాడు.

"ఇద్దరున్నారట వాళ్లకి," అన్నాడు.

"మంచిది."

"అడిగాను."

"విన్నాను," అన్నాను.

ఇద్దరం కలిసి బుట్ట ఎత్తాం.